మెదడులోని కొలిములు

పక్షవాతమను మాట మనకు క్రొత్తది కాదు. పక్షమనగా ప్రక్క. శరీరములో ఒక ప్రక్క పడిపోవుటచేత వ్యాధికి ఆ పేరు వచ్చినది. వాతదోషము వలన కలుగునని తలచి పూర్వులు రెండవ మాటను చేర్చిరి. చేయి పడిపోయినది గనుక వ్యాధి చేతిలోనే ఉన్నదని సామాన్యులు నేటికిని అనుకొందురు. అందుచేతనే ఆ చేతికి తైలము రాయుదురు, కాలికి కాపడము పెట్టుదురు, కొన్ని ఊళ్లలో పావురమును కోసి దాని వెచ్చని నెత్తురుతో మర్దనము చేయింతురు. ఆ చేతిలో గాని కాలిలో గాని దోషమేమియు లేదు. దోషమంతయు తలలో ఉన్నది. కుడిచేయి పడిపోయినచో మెదడు ఎడమభాగమునందును, ఎడమచేయి పడిపోయినచో కుడిభాగమునందును దానిని వెదకవలెను.

మెదడునకు రక్తమును కొనిపోవు ధమనులలో ఏదేని ఒకటి నెత్తురుగడ్డచేత మూసుకొనుట గాని, చిట్లి రక్తము బయటికి కారుట గాని ఈ వ్యాధికి కారణము. మొదటి విధమే ఎక్కువగా కానవచ్చును. ఈ పాఠము దానిని గూర్చినదే. రక్తము ఆగిన క్షణమునుండి మెదడు కణములలో ఏమి జరుగును? ఆగిన రక్తమును మరల పారించినంతమాత్రమున అంతయు చక్కబడునా? ఈ రెండు ప్రశ్నలకును సమాధానము కంటికి కనబడని ఒక చిన్న వస్తువులో ఉన్నది. దాని పేరు మైటోకాండ్రియా.

మన శరీరములోని ప్రతి కణము ఒక చిన్న ఊరు వంటిదనుకొనుడు. ఆ ఊరిలో వందలకొలది కొలిములు ఉండును. ఆ కొలిములే మైటోకాండ్రియాలు. రక్తములోని ఎర్రకణములలో మాత్రము ఇవి లేవు; ప్రాణవాయువును మోసికొనిపోవు కూలీ త్రోవలో దానిని తానే తినకుండుట మంచిదే గదా! ఒక్కొక్క మైటోకాండ్రియా మందము మిల్లీమీటరులో వేయవవంతునకు మించదు. 1898లో కార్ల్ బెండా అను జర్మను శాస్త్రజ్ఞుడు వీనికి ఈ పేరు పెట్టెను. గ్రీకు భాషలో దారము, గింజ అను అర్థములుగల రెండు మాటలను ఆయన కలిపెను. సూక్ష్మదర్శినిలో ఇవి కొన్ని దారములవలెను, కొన్ని గింజలవలెను కనబడుటయే అందుకు కారణము.

ఈ కొలిమిలో కాలునది మనము తిన్న అన్నమే. అన్నములోని పిండిపదార్థము జీర్ణమై, గ్లూకోసుగా మారి, రక్తముతో కణమును చేరును. ఊపిరితిత్తులనుండి ప్రాణవాయువును తెచ్చునదియు ఆ రక్తమే. గ్లూకోసు మొదట కణద్రవములో సగము విరుగును. విరిగిన తునకలు మైటోకాండ్రియాలోనికి పోయి, అచ్చట ప్రాణవాయువు సాయముతో పూర్తిగా కాలి, బొగ్గుపులుసు వాయువుగను నీరుగను మారును. కమ్మరి కొలిమిలో వలె మంట లేదు, పొగ లేదు. పుట్టిన శక్తి ఏ.టి.పి. అను పదార్థములో నిలువయగును. ఇంటిలో ధాన్యమెంత ఉన్నను అంగడిలో నాణెము చేతనుండవలెను. కణములో చెల్లునట్టి నాణెము ఏ.టి.పి. కండ కదలినను, తలపు పుట్టినను ఈ నాణెమే ఖర్చగుచుండును. ఒక దినములో మన శరీరము తయారుచేసి ఖర్చుచేయు ఏ.టి.పి. నంతటిని తూచగలిగినచో అది దాదాపు మన బరువంత ఉండునని శాస్త్రజ్ఞులు లెక్కగట్టిరి. అయినను ఏ క్షణమున చూచినను చేతిలో ఉండు నిలువ చాల స్వల్పము. చేసినది చేసినట్లే ఖర్చగుచుండును.

ఈ నాణెమును కనుగొన్నవారిలో ఒకరు మన భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. ఆయన అమెరికాలోని బోస్టను నగరమున, హార్వర్డు వైద్యకళాశాలలో, సైరస్ ఫిస్కే అను ఆచార్యునితో కలిసి పనిచేయుచు 1927లో కండరములలో ఫాస్ఫోక్రియాటిను అను పదార్థమును, 1929లో ఏ.టి.పి.ని కనుగొనిరి. అదే 1929లో జర్మనీయందు కార్ల్ లోమాన్ కూడ స్వతంత్రముగా ఏ.టి.పి.ని కనుగొనెను. సుబ్బారావుగారి పేరు చెప్పగానే మనవారు బోదకాలు మందును తలతురు. ఆ మందు గొప్పదే. కాని మన దేహములో శక్తి ఏ రూపమున చేతులు మారునో తెలియుటకు ఆయన చేసిన పని అంతకంటె చిన్నది కాదు. ఫాస్ఫోక్రియాటిను ఏమి చేయునందురా? ఏ.టి.పి. తరుగుచున్నప్పుడు తన ఫాస్ఫేటును ధారవోసి దానిని మరల నింపును. కండరమునందే గాక మెదడునందును అది ఉన్నది. అది ఇంటి ఇల్లాలు పోపులపెట్టెలో దాచిన సొమ్మువంటిది: ఆపదలో అక్కరకు వచ్చును, కాని ఎంతోసేపు నిలువదు.

కొలిమిలో నాణెము ఎట్లు ముద్రింపబడునో చూతము. మైటోకాండ్రియాకు రెండు పొరలు గలవు. లోపలి పొర మడతలుపడి ఉండును. ఆహారము కాలునప్పుడు వెలువడు శక్తిచేత హైడ్రోజను అయానులు ఆ పొరకు లోపలినుండి వెలుపలికి నెట్టబడును. ఆనకట్ట వెనుక నీరు నిలిచినట్లు అవి పొర ఆవల పోగుపడును. తిరిగి లోనికి వచ్చుటకు పొరలో సన్నని దారి ఉన్నది, ఆ దారిలో ఒక చక్రమున్నది. అయానులు దూకినకొలది చక్రము తిరుగును. చక్రము తిరిగినకొలది ఏ.టి.పి. తయారగును. నాగార్జునసాగరము క్రింద నీటిచక్రములు తిరిగి విద్యుచ్ఛక్తి పుట్టుట మీరు చూచియుండవచ్చును. కంటికి కనబడని కణములో ఉన్నదియు అట్టి ఏర్పాటే. ఆంగ్లేయుడైన పీటర్ మిచెల్ 1961లో ఈ ఆనకట్ట సిద్ధాంతమును చెప్పినప్పుడు నమ్మినవారు తక్కువ. 1978లో ఆయనకు నోబెల్ బహుమానము వచ్చినది. చక్రము తిరుగు తీరును విప్పిచెప్పినందుకు పాల్ బోయర్, జాన్ వాకర్ అనువారికి 1997లో ఆ బహుమానము లభించెను.

ఇక మెదడు సంగతి. పెద్దవాని మెదడు బరువు సుమారు 1400 గ్రాములు, అనగా శరీరపు బరువులో నూటికి రెండు పాళ్లు. కాని విశ్రాంతిగా ఉన్నప్పుడు శరీరము వాడుకొను ప్రాణవాయువులో నూటికి ఇరువది పాళ్లు మెదడే వాడుకొనును. ఇంత ఆకలి దేనికి? నాడీకణము ఓటిపడవ వంటిది. బయటనున్న సోడియము ఎల్లప్పుడును లోనికి ఊరుచుండును, లోపలి పొటాషియము బయటికి జారుచుండును. పడవలోని నీటిని తోడిపోసినట్లు, సోడియమును బయటికి, పొటాషియమును లోనికి నెట్టుటకు కణపు పొరపై ఒక తోడుయంత్రమున్నది. డెన్మార్కు దేశీయుడైన యెన్స్ స్కౌ దానిని 1957లో కనుగొనెను. పైన చెప్పిన 1997 బహుమానములో సగము ఆయనకే చెందినది. మెదడు చేయు ఖర్చులో పెద్దభాగము ఈ తోడుటకే సరిపోవును. కండరములలోను, కాలేయములోను గ్లూకోసు నిలువలు ఉండును. మెదడున అట్టి గాదె దాదాపు లేదనియే చెప్పవచ్చును. ఏ పూటకాపూట, కాదు, ఏ నిమిషమునకానిమిషము రక్తము తెచ్చిపెట్టవలసినదే.

అట్టి మెదడులో ఒక ధమని మూసుకొన్నదనుకొనుడు. కొలిమికి గాలి అందలేదు. హైడ్రోజను అయానులను నెట్టు పని ఆగెను. ఆనకట్ట వెనుక మట్టము తగ్గెను. ముందుగా ఫాస్ఫోక్రియాటిను కరగిపోవును. కొద్ది నిమిషములలోనే ఏ.టి.పి. అడుగంటును. ప్రాణవాయువు లేకయే గ్లూకోసును సగము విరిచి కొంత సంపాదింపవచ్చును గాని, అది ఏ మూలకు? పూర్తిగా కాలిన గ్లూకోసు అణువు ముప్పది వరకు ఏ.టి.పి. అణువులనీయగా, సగము విరిగినది ఇచ్చునవి రెండే. పైగా లాక్టికు ఆమ్లము పేరుకొనును.

ఇచ్చట ఇంకొక వింత జరుగును. శ్రీశైలము ఎడమగట్టు విద్యుత్కేంద్రములోని యంత్రములు రెండు విధముల తిరుగగలవు: నీరు దూకునప్పుడు విద్యుచ్ఛక్తిని పుట్టించును; వెనుకకు త్రిప్పినచో విద్యుచ్ఛక్తిని తిని నీటిని పైకి తోడును. మైటోకాండ్రియాలోని చక్రమును అట్టిదే. ఆనకట్ట మట్టము పడిపోగానే అది వెనుకకు తిరిగి, కణములో మిగిలియున్న కొద్దిపాటి ఏ.టి.పి.ని తానే తిని, అయానులను మరల బయటికి నెట్టజూచును. సంపాదింపవలసినవాడే దాచుకొన్నదానిని ఖర్చుచేసినట్లాయెను. ఇట్లు జరుగకుండ చక్రమునకు అడ్డుకర్ర పెట్టు చిన్న ప్రోటీను ఒకటి కణములో ఉన్నది. అది కొంతవరకు మాత్రమే ఆపగలదు.

తోడుయంత్రము ఆగినది. సోడియము లోనికి చొచ్చును, దానివెంట నీరు చేరును, కణము ఉబ్బును. అంతటితో పోవునది కాదు. ఒక నాడీకణము మరియొక కణముతో మాటలాడుటకు గ్లుటమేటు అను పదార్థమును చుక్కచుక్కగా వాడుకొనును. ఇప్పుడా గ్లుటమేటు కట్టతెగినట్లు బయటపడి పొరుగుకణములను ఉద్రేకపరచును. వానిలోనికి కాల్షియము వరదవలె వచ్చును. ఉద్రేకమే విషమగు ఈ చర్యకు అమెరికా శాస్త్రజ్ఞుడు జాన్ ఓల్నీ 1969లో పేరు పెట్టెను. మంచికాలములో కాల్షియము ఎక్కువైనచో మైటోకాండ్రియాయే దానిని తనలో దాచుకొని కణమును కాపాడును. ఇప్పుడును అట్లే మ్రింగును, మ్రింగును, తుదకు తట్టుకొనలేక దాని లోపలిపొరలో పెద్ద రంధ్రములు తెరచుకొని ఉబ్బి పగులును. అప్పుడు సైటోక్రోము-సి అను పదార్థము కణద్రవములోనికి కారును. లోపలనున్నంతకాలము ఇది కొలిమిలో నమ్మకమైన పనివాడు. వెలుపలికి వచ్చెనా, యమభటుడు! దానిని చూచి కణము తన్ను తానే కూల్చుకొను పనికి పూనుకొనునని షియావ్‌డాంగ్ వాంగ్, ఆయన సహచరులు 1996లో చూపిరి.

కొలిమియే కీలకమనుటకు వేరొక నిదర్శనము గలదు. మైటోకాండ్రియాకు సొంతముగా 37 జన్యువులు ఉన్నవి. అవి తల్లినుండియే బిడ్డకు వచ్చును. ఆ జన్యువులలో కొన్ని లోపములు గలవారికి, ధమని ఏదియు మూసుకొనకయే, చిన్నవయసుననే పక్షవాతము వంటి పోట్లు వచ్చును. రక్తము పారుచునే ఉండును. కొలిమి దానిని వాడుకొనలేకపోవును.

ఇంతవరకు చదివినవారు, ధమని మూసుకొన్నచో ఇక ఆశ లేదని అనుకొనవచ్చును. అట్లు కాదు. ఆరోగ్యముగా ఉన్న మెదడులో ప్రతి నూరు గ్రాములకు నిమిషమునకు సుమారు 50 మిల్లీలీటర్ల రక్తము పారును. అది 20కి తగ్గినచో నాడీకణములు పనిమానును. 10కి దిగినచో తోడుయంత్రములు ఆగి కణములు చచ్చును. మూసుకొన్న ధమనికి నడిబొడ్డున ఉన్న ప్రదేశములో ప్రవాహము 10కి లోపలనే ఉండును. దానిని కాపాడుట కష్టము. దాని చుట్టును, ప్రక్క ధమనులనుండి కొద్దికొద్దిగా రక్తము ఊరుచుండు ప్రదేశమొకటి ఉన్నది. అచ్చటి కణములు మాటలాడవు, కాని బ్రతికియున్నవి. వాని మైటోకాండ్రియాలు కొనవూపిరితో పనిచేయుచున్నవి. గ్రహణసమయమున నిండునీడ చుట్టు పలుచని నీడ ఉండునని మీరు చదివియున్నారు. ఆ పోలికనుబట్టి శాస్త్రజ్ఞులు ఈ ప్రదేశమునకు పాక్షికచ్ఛాయ అను పేరు పెట్టిరి. రోగి చేయి కదలకున్నను, ఆ చేతిని కదలించు కణములలో ఎన్నియో ఈ నీడలో వేచియున్నవి.

అవి ఎంతసేపు వేచియుండును? పెద్ద ధమని మూసుకొన్నప్పుడు, చికిత్స లేనిచో, నిమిషమునకు సగటున 19 లక్షల నాడీకణములు నశించునని అమెరికా వైద్యుడు జెఫ్రీ సేవర్ 2006లో లెక్కగట్టెను.

నాతో పనిచేసిన లెక్కల మాస్టరొకరికి తెల్లవారుజామున ఈ వ్యాధి వచ్చినది. నోరు ఒక ప్రక్కకు లాగినది, మాట ముద్దగా వచ్చినది. ఇంటివారు గాలి సోకినదనుకొని మర్దనము చేయువానికై కబురంపిరి. ఆతడు వచ్చునప్పటికి ఎండ ఎక్కినది. పట్టణములోని ఆసుపత్రికి చేరునప్పటికి మధ్యాహ్నము దాటినది. "అమ్మా, వారు చివరిసారి బాగుగా ఉండగా ఎవరు చూచిరి? అప్పుడు గంట యెంత?" అని వైద్యుడు అడిగెను. ఎవరును చెప్పలేకపోయిరి. మాస్టరుగారు బ్రతికిరి, పదేండ్లు బ్రతికిరి. కాని ఆయన కుడిచేయి మరల సుద్దముక్కను పట్టలేదు.

వైద్యుడు గంట అడుగుటకు కారణమున్నది. నెత్తురుగడ్డను కరగించు మందును సూదిద్వారా ఇచ్చినచో మేలు కలుగునని 1995లో అమెరికాలో జరిగిన పరీక్ష రుజువుచేసినది. అప్పుడు పెట్టిన గడువు 3 గంటలు. 2008లో మరియొక పరీక్ష దానిని 4½ గంటలకు పెంచినది. నిద్రలో వ్యాధి వచ్చినచో, రోగి బాగుగా ఉండగా చూచిన చివరి వేళనుండియే లెక్కపెట్టుదురు. చిట్లిన ధమనికి ఈ మందు ఇచ్చినచో ప్రాణాపాయము. కనుక ముందుగా మెదడును స్కానింగు యంత్రముతో చూడవలెను. ఇంటిలో ఆస్పిరిను మ్రింగించుట కూడ ఈ కారణముచేతనే తగదు. మ్రింగుట కష్టమైన రోగికి నీళ్లు త్రాగించినచో అవి ఊపిరితిత్తులలోనికి పోవచ్చును. నోరు వంకరపోయెనా, ఒక చేయి పైకి లేవదా, మాట తడబడెనా? ఈ మూడింటిలో ఒక్కటి కనబడినను గంట చూచి వ్రాసికొని, 108కి ఫోను చేయవలెను. ఎనిమిదవ తరగతి పిల్లలు ఈ పనిని పెద్దలకంటె చురుకుగా చేయగలరని నా నమ్మకము.

పెద్ద ధమనిలోని పెద్ద గడ్డ మందుతో కరగుట అరుదు. అట్టివారికి గజ్జలోని ధమనినుండి సన్నని గొట్టమును మెదడు వరకు నడిపి, గడ్డను పట్టి వెలుపలికి లాగుదురు. ఈ పద్ధతి మేలైనదని 2015లో అనేక పరీక్షలు తేల్చినవి. పాక్షికచ్ఛాయ ఇంకను మిగిలియున్నదని స్కానింగులో కనబడినవారికి 24 గంటలవరకు దీనిని చేయవచ్చునని 2018లో తెలిసినది. అనగా గడియారమునే గాక, కొలిమి ఇంకను వెచ్చగా ఉన్నదా అని చూచి నిర్ణయించుట మొదలైనది.

ఇప్పుడు రెండవ ప్రశ్నకు వత్తము. గడ్డ తొలగెను, రక్తము వచ్చెను. అంతయు చక్కబడవలెను గదా? కొందరిలో అట్లు కాదు. ఆరిపోవుచున్న కొలిమిలో పొట్టు, చెత్త పేరుకొనియుండగా ఒక్కసారిగా తిత్తి ఊదినచో ఏమగును? మంట పైకి లేచి కప్పును అంటుకొనును. రక్తము ఆగినప్పుడు మైటోకాండ్రియాలలో సక్సినేటు అను పదార్థము పేరుకొనును. ప్రాణవాయువు తిరిగి రాగానే అది ఉద్ధృతముగా కాలుటచేత సూపరాక్సైడు అను తీవ్రరూపము పుట్టి, పొరలను, జన్యువులను కాల్చును. ఇంగ్లండునందు కేంబ్రిడ్జిలోని శాస్త్రజ్ఞులు, వారితో కలిసి పనిచేసినవారు 2014లో జంతువులపై పరీక్షలుచేసి ఈ సంగతిని బయటపెట్టిరి. ఇట్లని రక్తమును పారింపక మానుదుమా? మానరాదు. రాని రక్తము చేయు హాని ముందు వచ్చిన రక్తము చేయు హాని కొద్ది. ఆ కొద్దిని కూడ తగ్గించుట ఎట్లు అనునదే నేటి ప్రశ్న.

ఆ తీవ్రరూపములను పట్టివేయు మందులకై చాల ప్రయత్నము జరిగినది. ఎన్.ఎక్స్.వై.-059 అను మందు 2006లో ప్రకటింపబడిన మొదటి పెద్ద పరీక్షలో ఆశ కల్పించినది. మూడువేలకు పైబడిన రోగులతో జరిగిన రెండవ పరీక్ష 2007లో ఆ ఆశను చెరిపివేసినది. ఎడారవోను అను మందును జపానులో 2001నుండి వాడుచున్నారు. అన్ని దేశముల వైద్యులును దానిని అంగీకరింపలేదు. ఎలుకలలో పనిచేసిన మందులు మనుష్యులలో ఏల విఫలమగుచున్నవి? ప్రయోగశాలలోని ఎలుక పడుచుది, ఏ రోగమును లేనిది, మందు దానికి నిమిషముల మీద అందును. మన రోగి వృద్ధుడు, రక్తపుపోటు, మధుమేహము గలవాడు, గంటలు గడచిన పిమ్మట వచ్చినవాడు. ఈ భేదమే పెద్ద కారణమని నాకు తోచును.

కణముకూడ ఊరక కూర్చుండదు. చెడిన మైటోకాండ్రియాలను ఏరి తానే కరగించి, మంచివానిని ఒకదానితో నొకటి అతికించి నిలుపుకొనజూచును. అంతకంటె ఆశ్చర్యమైన సంగతి సుబ్బారావుగారు పనిచేసిన బోస్టను నగరములోనే 2016లో బయటపడినది. మెదడులో నాడీకణములకు అండగా నక్షత్రాకారముగల కణములు ఉన్నవి. పక్షవాతము వచ్చిన చిట్టెలుకల మెదడులో ఆ కణములు తమ మైటోకాండ్రియాలను బయటికి విడువగా, దెబ్బతిన్న నాడీకణములు వానిని లోనికి తీసికొనెను. పొయ్యి ఆరిన ఇంటికి పొరుగింటివారు నిప్పు పెట్టి ఇచ్చినట్లు! మైటోకాండ్రియా ఒకప్పుడు విడిగా బ్రతికిన సూక్ష్మజీవియనియు, ఎన్నియో కోట్ల ఏండ్లక్రిందట వేరొక కణములో కాపురమునకు చేరినదనియు లిన్ మార్గ్యులిస్ 1967లో వాదించెను. ఆమె మాట నేడు అందరును అంగీకరించినదే. ఇల్లు మారుట దానికి పూర్వమునుండి అలవాటే కాబోలు.

ఈ నిప్పును వైద్యుడే అందింపరాదా యను ఆలోచన సహజముగా వచ్చినది. అమెరికాలోని వాషింగ్టను విశ్వవిద్యాలయపు వైద్యులు, గడ్డను లాగివేయు సమయముననే, రోగి కండరమునుండి తీసిన మైటోకాండ్రియాలను అదే గొట్టముద్వారా మెదడు ధమనిలోనికి పంపిచూచిరి. రోగులు కొద్దిమందియే. దానివలన వారికి హాని కనబడలేదని 2024లో ప్రకటించిరి. మేలు కలుగునో లేదో తేలుటకు ఇంకను ఎక్కువమందిపై పరీక్షలు జరుగవలసియున్నది.